సదస్సు ముగిసిన పిమ్మట

ఆచార్యులవారు విశ్వవిద్యాలయ సదస్సున శాకుంతల చతుర్థాంకమును గూర్చి పత్రసమర్పణము గావించిరి. అలంకారములయందు మక్కువ గలదయ్యు శకుంతల తరువుల చిగురు త్రుంపదని కణ్వుడు పలికిన ఘట్టమే వారి ప్రతిపాదనకు ఆయువుపట్టు. సభ్యులు మిక్కిలి మెచ్చిరి.

భోజనానంతరము వంటశాల వెనుకగా పోవుచు వారు నిలిచిపోయిరి. సగము త్రాగిన నీటిసీసాలు. సాంబారున తడిసిన పత్రప్రతులు, వానిలో తమదియు నొకటి. అన్నింటికంటె వారిని కలచినవి విస్తళ్లు. చూపునకు పచ్చని యాకులే గాని, అవి ప్లాస్టిక్ పొర యంటించిన కాగితములు. దేశమున 2022 జూలై 1 నుండి ప్లాస్టిక్ పళ్లెములు నిషిద్ధములు; ఆ ప్లాస్టిక్కే కాగితము చాటున విందునకు వచ్చినది! మోదుగాకుల విస్తరిని ఈనెపుల్లలతో కుట్టుదురు, కావున ఎంగిలితోపాటు పెంటకుప్పలో మట్టియగును. ఈ పొర యట్లు కాదు. ఎంగిలికై వచ్చిన ఆవు దానిని గూడ మ్రింగుచుండెను. ఆ విస్తళ్ల కొనుగోలు పత్రముపై సంచాలకులుగా సంతకము చేసినది తామే.

మరుసటి యేడు విశాఖ మన్యమునుండి గిరిజనులు సేకరించిన అడ్డాకుల విస్తళ్లు తెప్పించిరి. వేదికపై ఫ్లెక్సీకి బదులు తేదీ లేని గుడ్డపటము కట్టించిరి. బంతిలో చారు కారినదని యిద్దరు ప్రతినిధులు కినిసిరి. ఆచార్యులవారు స్వయముగా లేచి వారికి రెండవ విస్తరి వేసిరి.