పుస్తకానికి టెలివిజన్ ప్రకటన

పీర్ల పండుగ పాటలు సేకరించి నేను అచ్చు వేయించిన చిన్న పుస్తకం ప్రతులు 380 మా ఇంట్లో మంచం క్రింద పడి ఉన్న రోజుల్లో, ఒక స్థానిక టెలివిజన్ ఛానలు ప్రతినిధి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. పది సెకండ్ల ప్రకటన, దినానికి నాలుగు మారులు, పది రోజులు, 36,000 రూపాయలు. "మీ ముఖమూ, పుస్తకం అట్టా రెండూ కనబడతాయి సార్. జిల్లా అంతా తెలిసిపోతుంది" అన్నాడు. అబద్ధమెందుకు, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాకు పదకొండు పాటలు పాడి వినిపించిన వృద్ధుడు, ప్రూఫులు దిద్దుతూ ఉండగానే కాలం చేశాడు. తక్కిన గాయకులైనా తమ పాట నలుగురికీ చేరడం చూడాలని నా ఆరాటం. ఇంట్లో సొమ్మూ ఉన్నది. అయితే అది మిద్దె మరమ్మతుకని నా శ్రీమతి చీటీ కట్టి కూడబెట్టినది.

తెల్లవారి కాగితం తీసికొని లెక్క వేశాను. పుస్తకం వెల 150 రూపాయలు. అచ్చుకు ప్రతికి 60 అయింది. అమ్మిపెట్టే దుకాణదారుకు నూటికి 40 వంతున మరొక 60. నాకు మిగిలేది 30. ప్రకటన ఖర్చు తిరిగి రావాలంటే 1,200 ప్రతులు అమ్ముడుపోవాలి. నేను వేయించినవే 500!

ఇట్టి ప్రయత్నం ఫలించిన సందర్భం లేకపోలేదు. 1993లో అమెరికాలో జేమ్స్ ప్యాటర్సన్ అనే రచయిత 'అలాంగ్ కేమ్ ఎ స్పైడర్' అన్న తన నవలకు టెలివిజన్ ప్రకటన కావాలన్నాడు. ప్రచురణకర్తలు వెనుకాడగా తన సొమ్ముతో తానే తయారు చేయించాడు. నవల విరివిగా అమ్ముడుపోయింది. కాని ఈ కథ చెప్పేవారు మరచే విషయమొకటి ఉన్నది. ఆయన జె. వాల్టర్ థాంప్సన్ అనే పెద్ద ప్రకటనల సంస్థలో ఉన్నత పదవి నిర్వహించినవాడు. ఆ విద్యలో ఆరితేరినవాడు. పైగా అక్కడ ప్రకటన చూచిన మనిషి మరునాడు దుకాణానికి పోయి ఆ నవల కొనుక్కోగలడు. పత్తికొండలో సబ్బు ప్రకటన చూచినవానికి వీధి మలుపులో సబ్బు దొరుకుతుంది. నా పుస్తకం కావాలంటే కర్నూలు బస్సెక్కాలి. ప్రకటన ఆశ పుట్టించగలదు గాని పుస్తకాన్ని చేతికి అందించలేదు గదా!

తెలుగు పుస్తకాలు విరివిగా అమ్ముడుపోయిన కాలం ఎట్టిది? యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' జ్యోతి మాసపత్రికలోను, యండమూరి 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలోను ధారావాహికలుగా వచ్చి, ఆ మీదట పుస్తకాలైనవి. ధారావాహికే ప్రకటన. దానికి డబ్బిచ్చినవాడు రచయిత కాదు, పత్రిక కొన్న పాఠకుడు! ఎమెస్కో వారు పాఠకుని గడపకే పుస్తకాన్ని చేర్చారు. అంతకు ముందే, 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు మోసికొని ఊరూరా తిరిగి అమ్మాడు. మన విద్యార్థులలో కవిత్వం వ్రాసేవారు కొందరున్నారు. వారు ఈ పేరు గుర్తుంచుకొందురు గాక.

మనకు ఇంకా దగ్గరి దృష్టాంతం ఎర్రగుడి. గుత్తి నుండి పత్తికొండకు వచ్చే దారిలో అశోకుడు బండల మీద తన మాట చెక్కించాడు. చక్రవర్తి గనుక ఖర్చుకు వెరవలేదు. అయినా రాతను మాత్రమే నమ్ముకొన్నాడా? రజ్జుకులు భేరి మ్రోగించి ఈ మాటలను జనపదులకు వినిపించాలని అక్కడే ఆజ్ఞ వ్రాయించాడు. చదువరాని జనానికి బండ ఏమి చెబుతుంది? ఆ లిపిని సైతం లోకం మరచిపోగా, 1837లో జేమ్స్ ప్రిన్సెప్ మరల చదువవలసి వచ్చింది.

ఇంత ఆలోచించీ నేను పూర్తిగా మానుకోలేదు. 2,000 రూపాయలిచ్చి మూడు రోజులు తెర అడుగున అక్షరాలు పరుగెత్తించాను. రెండు ఫోన్లు వచ్చాయి. ఒకరు "డి.ఎస్సీ. మెటీరియలా సార్?" అన్నారు. మరొకరు పీర్లకు కట్టే దట్టీలు మా వద్ద దొరుకుతాయా అని అడిగారు. "మిద్దె ఉరిస్తే మొదట తడిసేది మంచం క్రింది పుస్తకాలే" అని నా శ్రీమతి అన్నది. ఆ మాటకు నా వద్ద జవాబు లేకపోయింది.

ఆ ఏడు మొహర్రంకు ఒక సంచినిండా ప్రతులు వేసికొని, ఆ చనిపోయిన వృద్ధుని ఊరికి పోయాను. పీర్ల చావిడి ముందు, గుండం వెలుతురులో, అతని మనుమడు పుస్తకం పట్టుకొని తాత పాట అందుకొన్నాడు. రెండవ చరణంలోనే ఒక ముసలమ్మ ఆపింది. "ఆ మాట అట్ల గాదు నాయనా, అచ్చేసినాయప్పకు తెలీలేదు" అన్నది. చుట్టూ ఉన్నవారు నవ్వారు. నేనూ నవ్వి, కలం తీశాను. తెల్లవారేలోగా తప్పులు ఏడు తేలాయి. ప్రతులు 43 అమ్ముడుపోయాయి. చదువురానివారు సైతం ఇంట్లో పిల్లలు చదివి వినిపిస్తారని కొన్నారు.

ఇప్పుడు మంచం క్రింద 214 ప్రతులున్నాయి. ఒక్కొక్క దానిలో ఆ ఏడు తప్పులనూ నా చేతితోనే దిద్దుతున్నాను. మిద్దె మరమ్మతు పూర్తయింది.