మా బర్కత్‌పురలో ఎంత పడింది?

రోడ్డులో ఎక్కడ ఎత్తుందో, ఎక్కడ పల్లముందో గూగుల్ మ్యాప్స్‌లో కనపడదు. వానొస్తే కనపడుతుంది. నమ్మకపోతే ఈసారి వాన వెలిశాక బర్కత్‌పుర చమన్ దగ్గర పది నిమిషాలు నిలబడి, నీళ్లు ఎటు పరుగెడుతున్నాయో చూడండి.

చుట్టుపక్కల పేర్లు చూసినా తెలుస్తుంది. నల్లకుంట, నాగమయ్యకుంట. ఒకప్పుడు కుంటలున్న చోట ఇప్పుడు మనమున్నాం. హుస్సేన్‌సాగర్ నిండితే పొర్లే నీళ్లు అశోక్‌నగర్, బాగ్‌లింగంపల్లి, నల్లకుంట, గోల్నాక మీదుగా నాలాలో పోయి మూసీలో కలుస్తాయి. చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్లేవాళ్లు, అశోక్‌నగర్ రూముల్లో గ్రూప్స్‌కి చదివేవాళ్లు ఈ నాలాని రోజూ దాటుతుంటారు, ముక్కు మూసుకుని. వానాకాలంలో తప్ప దాని గురించి ఎవరూ ఆలోచించరు.

నాకు వాన పిచ్చి. ఇంజినీరింగ్‌లో పట్టుకుంది, ఇంకా వదల్లేదు. నాలాంటి వాళ్లు సిటీలో చాలామందే ఉన్నారు. నాలుగు చినుకులు పడగానే ఉప్పల్ వాడు కూకట్‌పల్లి వాడిని ‘మీ దగ్గర ఎంత?’ అని అడుగుతాడు. మా పలకరింపే అది. రాష్ట్ర ప్రణాళికా సంస్థ పెట్టిన ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు తెలంగాణలో వెయ్యికి పైగా ఉన్నాయి. వాటి అంకెలు, రాడార్ బొమ్మ, తెలంగాణ వెదర్‌మ్యాన్‌గా పేరున్న టి. బాలాజీ అప్‌డేట్లు... ఇవి ముందేసుకుని కూర్చుంటే మాకు తిండి గుర్తురాదు.

డాలస్‌లో ఉన్న మా అన్నయ్యది ఇంకో రకం పిచ్చి. మంచు పడితే పెరట్లో స్కేలు గుచ్చి ఫొటో పంపిస్తాడు. అక్కడ మామూలు జనమే ఇంటి దగ్గర వాన, మంచు కొలిచి పంపే ‘కోకోరాస్’ అనే ఏర్పాటు ఉంది. 1997లో కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్‌ని వరద ముంచేసింది. ఊరికి ఒక వైపు కుండపోత, ఇంకో వైపు అంత లేదు. ఆ మరుసటేడు ఇది మొదలైంది. నేనూ వాడిని చూసే మా టెర్రస్ మీద గేజ్ పెట్టాను. గేజ్ అంటే పెద్దదేం కాదు. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్ పైభాగం కోసి, గరాటులా తిరగేసి పెట్టడమే. అడుగున గులకరాళ్లు, సున్నా గీత దాకా నీళ్లు, పక్కన స్కేలు.

2020 అక్టోబర్ 13. బంగాళాఖాతంలో పుట్టిన తీవ్ర వాయుగుండం ఆ పొద్దున కాకినాడ దగ్గర తీరం దాటి మనవైపు వచ్చింది. నేను ఉద్యోగంలో చేరి మూడు నెలలు, వర్క్ ఫ్రమ్ హోమ్. ఒక స్క్రీన్‌లో ఆఫీసు కోడ్, ఇంకో స్క్రీన్‌లో రాడార్. చీకటి పడేసరికి ఘట్‌కేసర్, హయత్‌నగర్ అంకెలు ఎగబాకుతున్నాయి. మా దగ్గరివి అంత లేవు. గొడుగేసుకుని కిందికి దిగాను. మా వాచ్‌మన్ అన్న కుటుంబం ఉండేది సెల్లార్‌లోని గదిలో.

“మనకేం కాదన్నా, పెద్ద వానంతా ఉప్పల్ అవతలే” అన్నాను. ఎంత ధీమాగా అన్నానో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆయన నావైపు కూడా చూడలేదు. బియ్యం బస్తా భుజానికెత్తుకుని, “మోరీల నీళ్లు పోతలేవు సార్, ఎన్కకు తంతున్నయి. బొద్దింకలన్నీ పైకొచ్చినయి, చూడుండ్రి” అన్నాడు. చూశాను. గోడ నిండా బొద్దింకలే. అప్పటికే అక్క పిల్లలిద్దర్నీ మొదటి అంతస్తు వరండాలో పడుకోబెట్టింది. స్టవ్, సర్టిఫికెట్ల సంచి, పెద్దపాప స్కూల్ బ్యాగ్ మెట్ల మీదున్నాయి. నేను సిలిండర్ ఒక్కటి మోశాను. గంట తిరక్కుండానే ఆ గదిలో నడుముల్లోతు నీళ్లు. నా మాట విని వాళ్లు అక్కడే పడుకుని ఉంటే? ఆ రాత్రి ల్యాప్‌టాప్ మళ్లీ తెరవలేదు.

మర్నాడు పొద్దున లెక్కలొచ్చాయి. బేగంపేటలో 19.2 సెంటీమీటర్లు. అక్టోబర్‌లో ఒక్కరోజు వానకి అంతకుముందు రికార్డు 1903 నాటి 11.7. ఘట్‌కేసర్ వైపు 32 దాటింది. మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకి లీటరు నీళ్లు. బేగంపేట లెక్కే వేసుకున్నా, మా రెండొందల గజాల బిల్డింగ్ మీద పడ్డది 32 వేల లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఆరు. ఒక్క మా బిల్డింగ్ మీదే! వీధిలో ఎన్ని బిల్డింగులున్నాయో మీరే లెక్కేసుకోండి.

మరి మా బర్కత్‌పురలో ఎంత? పైకి పరుగెత్తి బాటిల్ చూశాను. పదిహేను సెంటీమీటర్ల దాకే కొలుస్తుంది అది. నిండి, పొంగి పారిపోయింది. నేను చూసిన అతిపెద్ద వానకి నా దగ్గర అంకె లేదు.

సెల్లార్ గోడ మీద మాత్రం బురద గీత మిగిలింది. అన్న దాని పక్కన బొగ్గుతో తేదీ రాశాడు. మూడో అంతస్తు అంకుల్ కర్ర పట్టుకుని దిగొచ్చి, 2000 ఆగస్టులో బేగంపేటలో ఒక్కరోజే 24 సెంటీమీటర్లు పడ్డప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గేటు స్తంభం మీద చెయ్యి పెట్టి చూపించారు. అక్కడా గీత గీశాం.

ఇప్పుడు గేజ్ పెద్దది కొన్నాను. సెల్లార్ గదిలో పాత సామాన్లే ఉంటాయి. అన్న వాళ్లు టెర్రస్ మీద గదికి మారారు. ఎండాకాలం ఉడికిపోతుంది అది, ఆ సంగతి ఇంకా తేలలేదు. నోట్‌బుక్‌లో మిల్లీమీటర్ల పక్కన ‘మోరీ’ అని ఇంకో గడి కొట్టాను.

మొన్న రాత్రి వానకి అన్న టార్చ్ వేసుకుని చూసొచ్చాడు.

“ఇయ్యాల పోతున్నయి సార్.”

43 మి.మీ. పక్కన అదే రాశాను.