మునేటి ఒడ్డు నుంచి అక్కకు

వత్సవాయి, రాత్రి

అక్కా,

క్షేమంగా చేరాం. జగ్గయ్యపేటలో బస్సు దిగేసరికి చీకటి పడింది. వత్సవాయికి ఆటో అడిగితే, తిరుగు బేరం దొరకదంటూ రెండింతలు చెప్పాడు. మీ మరిది సరేనని సంచులు ఎక్కించేశారు, నేను దింపించాను. మిరపకోతకు వెళ్లొస్తున్న ఆడవాళ్లు కొందరు మా వాదన విని, "మేమూ ఎక్కుతాం, సీటుకింతని తీసుకో" అని బేరం తెంచేశారు. పొద్దంతా మిరపచేలో వంగి పనిచేసిన మనుషులు, ఊరూ పేరూ తెలియని నాకోసం ఇరుక్కుని కూర్చున్నారు.

వదిన భోజనం గురించి ఎంత రాసినా తక్కువే. పండుమిరపకాయలు చింతపండుతో రోట్లో నూరి, పోపు పెట్టి, పొగలు కక్కే అన్నంలో నెయ్యితో కలిపి పెట్టింది. కళ్లనీళ్లు కారుతున్నా ఆపలేకపోయాను. పక్కన ముద్దపప్పు, పచ్చి ఉల్లిపాయ, చివర గడ్డపెరుగు. పులుసులో బెల్లం పడనిదే ముద్ద దిగని బావగారు ఈ ఊళ్లో ఒక్కపూట ఉంటే బాగుపడతారని చెప్పు.

వత్సవాయి, మబ్బు

జలుబు, ఒళ్లునొప్పులు. నిన్న మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు పట్టింది. కల్లంలో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. తడిస్తే తాలుకాయ అయిపోతుంది, ఏడాది కష్టం సగం ధరకు పోతుంది. ఇంటిల్లిపాదీ బరకాలు పట్టుకుని పరుగెత్తాం. నాలుగు చినుకులు రాలి వాన పోయింది గానీ ఆ ఘాటుకు నాకు తుమ్ములు ఆగలేదు, రాత్రికి జ్వరం. అమ్మ చేతి మిరియాల చారు గుర్తొచ్చి బెంగగా ఉంది. అమ్మ మోకాలు ఎలా ఉందో రాయి.

పెనుగంచిప్రోలు

ఈరోజు తేలిక పడ్డాను. వేదాద్రి నరసింహస్వామిని మొన్ననే చూశాం, కృష్ణ ఒడ్డున చల్లగా ఉంది. నేను చెప్పాలనుకున్నది మాత్రం ధనంబోడు గురించి.

జగ్గయ్యపేట పక్కనే ఆ బౌద్ధ స్తూపం. 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని ఇరవయ్యో ఏట సిద్ధార్థుడనే శిల్పి తూర్పు ద్వారం దగ్గర అయిదు ఆయక స్తంభాలు నిలిపాడని శాసనం. రాజు కాదు, ఉలి పట్టినవాడు ఇచ్చిన దానం! ఊరికి జగ్గయ్యపేట అన్న పేరు జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తండ్రి పేరున వచ్చింది. ఆ పేరుకు పదిహేను వందల ఏళ్ల ముందు మాట ఇది. ఇప్పుడు దిబ్బ మీద మిగిలింది కొద్దే. చక్రవర్తి చెయ్యెత్తితే మబ్బుల్లోంచి నాణేలు కురిసే ఆ పేరుమోసిన ఫలకం మద్రాసు మ్యూజియంలో ఉంది.

అక్కడి నుంచి ఇక్కడికొచ్చాం. మాఘంలో మునేరు ఇసుకలో సన్నగా పారుతోంది. 2024 సెప్టెంబరులో ఖమ్మాన్ని ముంచి, ఇక్కడి తిరుపతమ్మ గుడి దగ్గరి దుకాణాల్లోకీ వచ్చింది ఈ ఏరే అంటే నమ్మబుద్ధి కాదు. తిరునాళ్ల జనం. తిరుపతమ్మ ఈ ఊరి కోడలు. భర్త గోపయ్యను పులి చంపితే తానూ అగ్నిలో కలిసిపోయిందని కథ. రెండేళ్లకోసారి ఆమె విగ్రహాలను జగ్గయ్యపేట తీసుకెళ్లి, రంగులు వేయించి, ఊరూరా దర్శనమిప్పిస్తూ మళ్లీ తీసుకొస్తారు. దారి పొడుగునా జనం బిందెలతో నీళ్లు పోసి స్వాగతం పలుకుతారని వదిన చెబుతుంటే నాకు దిబ్బే గుర్తొచ్చింది. అమ్మవారు రంగులకని వెళ్లి తిరిగొస్తుంది. ధనంబోడు రాళ్లు వెళ్లినవి రాలేదు. ఆ ఫలకానికి నకలైనా చెక్కించి దిబ్బ దగ్గర పెడితే, బడిపిల్లలు తమ ఊరి శిల్పుల పనితనం తమ ఊళ్లోనే చూస్తారు. అదేమంత ఖర్చని?

మీ చిన్నాడు మద్రాసులోనే చదువుతున్నాడుగా, ఈ ఆదివారం ఎగ్మూరు మ్యూజియానికి వెళ్లి జగ్గయ్యపేట ఫలకం చూసి నాకు ఉత్తరం రాయమను. రాయకపోతే వదిన ఇచ్చిన పండుమిర్చి పచ్చడి జాడీలో వాడి వాటా లేదు.

నీ చెల్లి