నాలుగు గళ్లు పచ్చబడ్డాక

వర్డిల్ ఆడే మిత్రులకు ఒక మాట. చివరి నాలుగు గళ్లలో ఐ, జీ, హెచ్, టీ పచ్చబడగానే గెలిచేశాం అనుకుంటాం. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. లైట్, నైట్, రైట్, ఫైట్, సైట్, మైట్, టైట్, ఆఖరికి ఎయిట్ కూడా ఆ నాలుగు అక్షరాలతోనే ముగుస్తాయి. ఉన్నవేమో మొత్తం ఆరు అవకాశాలు. ఒక్కో మాటా వేసుకుంటూ పోతే చాలవు. అలాంటప్పుడు ‘ఫిల్మ్స్’ అని కొట్టండి, జవాబు అది కాదని తెలిసినా సరే. ఎఫ్, ఎల్, ఎమ్, ఎస్ నాలుగింటి సంగతీ ఒక్కసారే తేలిపోతుంది. (హార్డ్ మోడ్‌లో ఇది కుదరదు.)

జాష్ వార్డిల్ ఈ ఆటను తన సహచరి పలక్ షా కోసం తయారుచేశాడు. సుమారు 12,000 ఐదక్షరాల ఇంగ్లీషు మాటల్లోంచి, జనానికి తెలిసిన ఓ 2,500 మాటలు ఏరింది ఆవిడే. ఆట పేరులో ఆయన నిలిచాడు గానీ, అది ఇంత హాయిగా ఉండటానికి సగం కారణం ఆవిడ ఎంపికే అని నా నమ్మకం.

2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ కొనుక్కున్నాక కూడా రోజుకు ఒక్కటే మాట, అందరికీ అదే మాట. కాబట్టి దయచేసి పొద్దున్నే జవాబు గోడ మీద పెట్టేయకండి.