బేజుబాన్

అబ్బా కమర్ పట్టేసి మూడు నెలలు. ముప్పై ఏళ్ల ఖసాయి పని. వలిచిన పొట్టేళ్లని భుజాన మోసిన మనిషి ఇప్పుడు నమాజుకి కుర్సీ అడుగుతున్నాడు. నడుం దగ్గర డిస్క్ అరిగిందన్నాడు డాక్టర్.

ఇలాజ్ కోసం వెతుకుతుంటే, ఈ తజ్రుబాలన్నీ ఎవరి మీద జరుగుతాయో తెలిసింది. కుందేలు డిస్కులోకి సూది గుచ్చి, లోపలి గుజ్జు ఎండిపోవడాన్ని ఎమ్మారైలో చూస్తారు. ఎలుకకైతే తోకలోనే గుచ్చుతారు. ముష్కిల్ ఏంటంటే, ఎలుకకీ కుందేలుకీ ఆ గుజ్జులో కడుపులో ఉన్నప్పటి నోటోకార్డ్ కణాలు పెద్దయ్యాక కూడా ఉంటాయి. మనకి బచ్‌పన్‌లోనే దాదాపు పోతాయి. ఎలుకకి కుదిరిన మందు మనకీ కుదురుతుందన్న భరోసా ఏది? డాక్స్‌హుండ్ కుక్కకి అవి తొందరగా పోతాయి, డిస్కులు వాటంతటవే చెడతాయి. పెద్ద మేకలో కూడా ఆ కణాలు మిగలవు. అందుకే మేకల మీద కూడా పరిశోధన చేస్తారు.

అబ్బాకి చెప్పాను, ఈ విషయంలో మేక మనలాంటిదేనట అని. నవ్వలేదు.

"ఎముకకీ ఎముకకీ మధ్య తెల్లగుంటది. కత్తి ఆడ పెడితే దిగిపోతది," అన్నాడు. కాసేపాగి, "దానికి దర్ద్ అయితున్నదని వాళ్లకెట్ల తెలుస్తది బేటా?"

నడక చూస్తారు, తిండి చూస్తారు అన్నాను. స్కాన్‌లో గుజ్జు ఎండింది కనిపిస్తుంది గానీ దర్ద్ కనిపించదు. డిస్కులు ఎండినా ఏ తక్లీఫ్ లేని మనుషులు కూడా బోలెడు మంది.

అబ్బా ఏమీ అనలేదు. లేపమన్నట్టు చెయ్యి చాచాడు.