పన్నీటి సబ్బు

పన్నీరంటే మా పావగడ తాలూకాలో పెళ్లిపందిరి ముందు వెండిబుడ్డితో చల్లేది. తెలుగువాళ్లకూ కన్నడిగులకూ ఆ మాట ఒకటే. (ఇప్పటి పిల్లలు మాత్రం పాలు విరగ్గొట్టి చేసే ముక్కలనుకుంటారు.)

వెంకటమ్మనహళ్లి మహిళా సంఘంవాళ్లు అప్పు కోసం వచ్చి నా బల్లమీద నాలుగు సబ్బులు పెట్టారు. పన్నీటి సబ్బులట. వాసన చూశాను. కొబ్బరినూనె తప్ప మరేమీ లేదు.

"రెండు సీసాలు పోసినాం సార్, వాసన యాడికి పోయిందో!" అంది పెద్దామె.

నేను బి.కాం. వాణ్ణి, రసాయనశాస్త్రం నాకు దూరపు చుట్టం. అయినా డబ్బు ఎటు పోతుందో చూడటం నా ఉద్యోగం కదా, పుస్తకాలు తిరగేశాను. కన్నౌజ్‌లో రాగి డేగీలో గులాబీలు, నీళ్లు పోసి, మూత బంకమట్టితో బిగించి, ఆవిరిని వెదురు గొట్టంగుండా చల్లటి పాత్రలోకి దింపుతారు. కిలో గులాబీ తైలానికి మూడు నాలుగు వేల కిలోల పూలు కావాలి. పన్నీటిలో మిగిలేది ఆ తైలపు ఛాయ మాత్రమే. అందులో కాస్టిక్ సోడా కలిపితే నీళ్లు సలసలమంటాయి; ఆ వేడికీ క్షారానికీ ఛాయ కూడా నిలవదు. అంగట్లోని చౌక సీసాలు కొన్నింట్లో అయితే వట్టి నీళ్లూ సెంటూనే.

ఒక లాభం లేకపోలేదు. మా బోరునీళ్లు ఫ్లోరైడుకే కాదు, గడుసుతనానికీ పేరుపడ్డవి. వాటిలో సబ్బు నురగరాక తెట్టుకడుతుంది. బట్టీపట్టిన పన్నీటిలో సున్నం ఉండదు. కానీ ఆ పని బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ కూడా చేస్తుంది, అతి చౌకగా!

పన్నీటిని సున్నిపిండికి ఉంచుకోమన్నాను. స్నానానికి ముందు కలుపుకుంటే వాసన ఒంటికి అందుతుంది, మధ్యలో మింగే క్షారం లేదు.

"జనం పేరు చూసి కొంటారు సార్" అందామె. కాదనలేకపోయాను. కానీ లేని పన్నీరు పేరు మీద అమ్మడం నాకు నచ్చలేదు, ఆ మాట చెప్పాను.

అసలు నన్ను భయపెట్టింది వేరు. కాస్టిక్ సోడాను టీ గ్లాసుతో కొలుస్తున్నారు. కిలో కొబ్బరినూనెకు 183 గ్రాములు పూర్తిగా సరి. తెలిసినవాళ్లు ఇంకో అయిదు శాతం తగ్గిస్తారు. ఎక్కువైతే చర్మం మండుతుంది, పసిబిడ్డలకైతే చెప్పనక్కరలేదు.

అప్పు మంజూరుచేశాను. అంచనాలో పన్నీరు పద్దు కొట్టేసి, ఆ మొత్తానికి గ్రాములు చూపే తక్కెడ రాయించాను. అమ్మకానికి లైసెన్సు దరఖాస్తు పావగడలోనే నింపాము. సబ్బు పేరు రాయవలసిన గడి మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది.