ముప్ఫై రోజుల గడువు

ఫిబ్రవరి 22, 2024, గురువారం. రైల్లో

విజయనగరం దాటాక మెయిల్ తెరిచాను. నిన్న రాత్రే వచ్చి ఉంది. చూడడానికి ధైర్యం చాలక ఫోన్ తలగడ కింద పెట్టుకుని పడుకున్నాను. డిజైన్ మాడ్యూల్ పాస్. రెండోది ఫెయిల్. అంటే మొత్తం పరీక్ష ఫెయిల్.

కింది బెర్తుల్లో ఇద్దరు పలాస జీడిపప్పు ధర గురించి వాదించుకుంటున్నారు. అచ్చం మా మామ్మ యాసే. ఈ దారినే తాత పని వెతుక్కుంటూ టాటా వెళ్లాడు. ఖరగ్‌పూర్‌లో బండి మారాలి. అప్పటిదాకా ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు.

ఫిబ్రవరి 24, శనివారం. గోల్‌మురి, జంషెడ్‌పూర్

నాన్న స్టేషన్‌కి వచ్చారు. "ఏమైనా తిన్నావా?" అన్నారు, అంతే. ఆటో బర్మామైన్స్ దాటేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. ఇంటి మలుపు దగ్గర నేనే చెప్పాను. ఆయన తలూపి, ఆటో అతనికి డబ్బులిచ్చి, నా బ్యాగు తనే మోశారు.

ఫీజు 1,600 డాలర్లు. రూపాయల్లో లక్షా ముప్ఫై వేలు దాటింది. నాన్న చీటీ పాడి ఇచ్చిన డబ్బు అది. ఆయన ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది. నేనేమైనా జవాబు చెప్పుకునేదాన్ని.

ఫిబ్రవరి 27, మంగళవారం

ఆఫీసులో అడుగుతున్నారు, "సీసీఐఈ అంటే అంత కష్టమా?" అని. ఈ నెట్‌వర్కింగ్ పరీక్షలో కష్టం ఎక్కడుందో ఒకసారి నాకోసమైనా రాసుకుంటాను.

ముందు ఎన్‌కోర్ అనే రాతపరీక్ష పాసవ్వాలి. అది పాసైన మూడేళ్లలోపు ల్యాబ్‌కి కూర్చోవాలి. ల్యాబ్ ఎనిమిది గంటలు. మొదటి మూడు గంటలు డిజైన్: ఒక కంపెనీ కాగితాలు, మెయిళ్లు, పటాలు ముందు పెట్టి, ఏది ఎందుకు మంచిదని అడుగుతారు. ఒక ప్రశ్న దాటితే వెనక్కి రాలేవు. తర్వాతి అయిదు గంటలు నిజంగా చేతులతో చేసే పని. నెట్‌వర్క్ కట్టాలి, పాడైనదాన్ని బాగుచేయాలి. ఇక్కడ నువ్వు ఎంత చదివావో ఎవరూ చూడరు. ప్యాకెట్ చేరిందా లేదా అన్నదే చూస్తారు.

పూర్వం ఇదే పరీక్ష రెండు రోజులు జరిగేదట, 2001 దాకా. ఆ మొదటి రోజు రాత్రి వాళ్లకి నిద్రెలా పట్టిందో!

ఏ ప్రశ్న వచ్చిందో ఎవరికీ చెప్పనని సంతకం పెట్టాను. కాబట్టి ఇక్కడ కూడా రాయను. నాకు బరువంతా అక్కడే ఉంది. ఎక్కడ తప్పానో అమ్మకి కూడా చెప్పుకోలేను.

మార్చి 2, శనివారం

మామ్మ పూజ మధ్యలో పిలిచింది. "ఏటమ్మా, నీకు ఉద్యోగం పోయిందట గదా?"

కదమలో ఉన్న పిన్ని ఫోన్ చేసి చెప్పిందట. పిన్నికి బిష్టుపూర్ రామమందిరం దగ్గర ఎవరో చెప్పారు. వాళ్లకి ఎవరు చెప్పారు? అమ్మే. ఫోన్‌లో పెద్దత్తకి "పరీక్ష పోయింది" అన్నది అమ్మే. మా ఇంట్లోంచి బయల్దేరిన మాట ఊరు చుట్టి, పరీక్ష స్థానంలో ఉద్యోగాన్ని పెట్టుకుని, మళ్లీ మా ఇంటికే కొత్త కబురై వచ్చింది. మామ్మ ఎదురుగా నేను కూర్చునే ఉన్నాను. అయినా ఆవిడ నమ్మింది పిన్నినే.

ఉద్యోగం ఉందని చెప్పడానికి పావుగంట పట్టింది.

మార్చి 3, ఆదివారం

ఫౌండర్స్ డే. జూబిలీ పార్కు దీపాలు చూడడానికి అందరూ వెళ్లారు. తలనొప్పి అని చెప్పి ఉండిపోయాను. ఇల్లంతా ఖాళీ. ఇన్నాళ్లకు గట్టిగా ఏడ్చాను.

మార్చి 6, బుధవారం

ఇంట్లో పెట్టుకున్న ల్యాబ్ ముట్టుకోలేదు. సాక్చిలో సెకండ్‌హ్యాండ్‌కి కొన్న పాత సర్వర్ మంచం కింద ఉంది. ఫ్యాను చప్పుడు లేకపోతే గది వేరే ఎవరిదోలా ఉంది.

మార్చి 10, ఆదివారం. రాత్రి 1:40

సర్వర్ ఆన్ చేశాను. పరీక్షతో సంబంధం లేదు, నేనే సొంతంగా గీసుకున్న పటం. రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే పద్ధతులు రెండు: ఒక వైపు ఈఐజీఆర్‌పీ, ఇంకో వైపు ఓఎస్‌పీఎఫ్, మధ్యలో సరిహద్దు మీద రెండు రౌటర్లు. రెండూ అటు దారులు ఇటు, ఇటు దారులు అటు చెప్పాలి.

గంటలో అయిపోయింది. పింగ్ వచ్చింది. అలవాటుగా తర్వాతి పనికి పోబోయాను. ఎందుకో ఆగి, రౌటర్లన్నీ రీలోడ్ చేశాను. మళ్లీ పింగ్ చేస్తే పోలేదు. ట్రేస్‌రూట్ వేస్తే అవే అడ్రసులు, ఒకదాని తర్వాత ఒకటి, మళ్లీ అవే. ప్యాకెట్ గిరగిరా తిరిగి అక్కడే చచ్చిపోతోంది.

కారణం పట్టుకోవడానికి రెండు గంటలు. ఒక దారి బయటినుంచి ఈఐజీఆర్‌పీలోకి వచ్చింది. అలాంటి దానికి రౌటర్ ఇచ్చే అంకె 170. మొదటి సరిహద్దు రౌటర్ దాన్ని ఓఎస్‌పీఎఫ్‌కి చెప్పింది, అక్కడ అంకె 110. రెండో సరిహద్దు రౌటర్ రెండు వైపులనుంచీ వింది. తక్కువ అంకె ఉన్నదే నమ్మదగినది కాబట్టి ఓఎస్‌పీఎఫ్ మాటనే నమ్మింది. నమ్మి ఊరుకోకుండా, ఆ దారి తనకే తెలిసినట్టు తిరిగి ఈఐజీఆర్‌పీలోకి చెప్పింది. ఎవరు ముందు లేస్తే వాళ్ల మాట చెల్లుతుంది. అందుకే ఒకసారి పనిచేసి ఇంకోసారి చెయ్యదు.

మందు నాకు తెలిసిందే. దాటేటప్పుడు దారికి ఒక ట్యాగ్ కట్టాలి, "ఇది మనింట్లోంచే వెళ్లిన మాట" అని. అవతల ఆ ట్యాగ్ కనిపిస్తే లోపలికి రానివ్వకూడదు. ట్యాగ్ కట్టాను. అడ్డుకునే రూట్‌మ్యాప్ కూడా రాశాను. రెండో రౌటర్‌లో దాన్ని తగిలించడం మర్చిపోయాను. ఒక్క లైను.

పిన్ని ఫోన్ గుర్తొచ్చింది. నిద్రపోతున్న మామ్మని లేపి చెప్పాలనిపించింది.

అసలు పట్టుకోవలసింది లైను కాదు. ఒకసారి పింగ్ వస్తే నేను నమ్మేస్తాను. బెంగళూరులో పరీక్షప్పుడు కూడా చివరి నలభై నిమిషాలు కొత్త పనిమీదే పెట్టాను, చేసినదాన్ని తిరిగి చూడలేదు. ఆ మాత్రం రాసుకోవచ్చు.

మార్చి 17, ఆదివారం

నాన్నతో సాయంత్రం టిన్‌ప్లేట్ గేటు వైపు నడక. ఈ జనవరిలో టిన్‌ప్లేట్ కంపెనీ టాటా స్టీల్‌లో కలిసింది. 1920లో బర్మా ఆయిల్ వాళ్లు, టాటాలు కలిసి పెట్టింది. కిరోసిన్ డబ్బాలకి రేకు కావాలని. తాత అక్కడ రేకులు ఏరే విభాగంలో చేశాడు.

నాన్న చిన్నప్పుడు అడిగేవారట, రోజంతా ఏం చేస్తావని. ఒక్కో రేకు చేత్తో ఎత్తి, వెలుతురుకి తిప్పి, రెండు వైపులా చూసి దొంతుల్లో వేయడమే పని. బాగున్నవి ప్రైమ్. పనికిరానివి వేస్టర్. మూడో దొంతి ఉండేది, మెండర్. తగరం సరిగ్గా అంటని రేకులు. వాటిని మళ్లీ తగరం కుండలోకి పంపేవాళ్లు.

"మెండర్ ఏదో, వేస్టర్ ఏదో గుర్తుపట్టడమే కష్టం అనేవాడు మీ తాత," అన్నారు నాన్న. తర్వాత చాయ్ తాగుదామా అన్నారు. తాగాం.

మార్చి 21, గురువారం

ఫెయిలయ్యాక మళ్లీ కూర్చోడానికి ముప్ఫై రోజులు ఆగాలి. ఇవాళ్టితో అయిపోయింది. తేదీలు చూశాను, బుక్ చెయ్యలేదు. చీటీ తీరేదాకా చెయ్యను. అప్పటికి జులై వస్తుంది. నాన్నకి చెబితే, "నీ ఇష్టం" అన్నారు. ఈసారి ఆ మాట మామూలుగానే వినిపించింది.

ఏప్రిల్ 9, మంగళవారం. ఉగాది

క్రోధి సంవత్సరం. రామమందిరంలో పంచాంగ శ్రవణం. పిన్ని పదిమందిలోనే అడిగింది, "ఉద్యోగం సంగతి ఏమైందే?"

"ఉద్యోగం ఉంది పిన్నీ. పోయింది పరీక్ష. రెండు భాగాల్లో ఒకటి పాసయ్యాను, ఒకటి పోయింది. జులైలో మళ్లీ రాస్తాను." గొంతు వణికింది, కానీ మొత్తం చెప్పాను. పక్కనున్నావిడ తన కొడుకు సీఏ మూడుసార్లు రాశాడని చెప్పింది. పిన్ని నా చేతిలో ఇంకో గ్లాసు పచ్చడి పెట్టింది.

ఇంటికొచ్చాక మామ్మ అడిగింది, పాసైతే ఏటిత్తారని. ఒక నంబరు ఇస్తారని చెప్పాను. 1993లో మొదలుపెట్టినప్పుడు 1024 అనే నంబరు ఆ ల్యాబ్‌కే ఇచ్చారని, మనుషులకి 1025 నుంచి అని కూడా చెప్పాను.

"గదికా?" అని ఆశ్చర్యపోయింది. "మీ తాతకీ ఉండీది, ఇత్తడి బిళ్ల మీద." ఆ నంబరు తడుముకోకుండా చెప్పింది.

రాత్రి పదకొండు. ఇరవై రౌటర్లూ రీలోడ్‌లో పెట్టాను. లేచాక మొదటి లైను నుంచి మళ్లీ చూడాలి. ఇంకా నాలుగు లేవలేదు.